రేడియో పాట ప్లేటుకెక్కిన వైనం

ఆండర్సన్‌పేట నుంచి మన పత్రిక చందాదారులొకరు ఈ నెల ఒక ప్రశ్న పంపారు. బెంగుళూరులో ఉద్యోగం చేసే వారి మనుమడు ఒక పాత యింగ్లీషు గ్రామఫోను ప్లేటు ఎక్కడో వెతికి కొనుక్కొచ్చాడట. అది పాతిక నిమిషాలు కూడా మోగదట, వెల మాత్రం వేలల్లో వున్నదట. "ఏమిరా, యీ పాటలు నీ ఫోనులో రావా?" అని అడిగితే, "వస్తాయి తాతా, అయితే యివి రేడియో కోసం పాడినవి" అన్నాడట. "రేడియోకు పాడిన పాట గాలిలో కలిసిపోవాలి గదా! అది ప్లేటుకెందుకెక్కింది? ఎక్కినా, యిన్నేళ్ల తర్వాత దాన్ని వెతికి కొనే పిచ్చి యేమిటి? కాస్త విప్పి వ్రాయండి" అని పెద్దాయన ఆజ్ఞ.

ప్రశ్న బాగున్నది. పిచ్చి అన్నమాట ఒక్కటి పక్కన పెడితే, దీనికి జవాబు మన యిళ్ల దాకా వస్తుంది.

ఆ ప్లేటు మేమూ చూశాము. అది ‘న్యూ ఆర్డర్’ అనే బృందానిది. వారిది మాంచెస్టరు పట్టణం. అంతకు ముందు వారు ‘జాయ్ డివిజన్’ అనే పేరుతో పాడేవారు. 1980 మే నెలలో, ముఖ్య గాయకుడు ఇయాన్ కర్టిస్ ఇరవైమూడేళ్ల వయస్సులో ప్రాణం తీసుకున్నాడు. మిగిలినవారు ఆ పేరు విడిచిపెట్టి, కొత్త పేరుతో మళ్లీ నిలబడ్డారు. వారి వాద్యాలలో ముఖ్యమైనది సింథసైజరు. మన హార్మోనియము లాగే దానికి మెట్లుంటాయి గాని తిత్తి వుండదు, తీగె వుండదు, నాదమంతా కరెంటుతోనే పుడుతుంది. అదేం సంగీతమని తీసిపారేయకండి. దాదాపు అదే కాలంలో, 1979 ప్రాంతంలో, మన బెంగుళూరులోనే జి. రాజ్ నారాయణ్ గారు కరెంటుతో పలికే శ్రుతిపెట్టెను తయారు చేశారు. ఈనాడు ఆ శ్రుతి లేకుండా జరిగే కచ్చేరీని వేళ్ల మీద లెక్క పెట్టవచ్చు. యంత్రం సంగతి అక్కడికి చాలు.

అసలు కథ బీబీసీ వారి దగ్గర వున్నది. చాలాకాలం పాటు ఆ దేశంలో రేడియోవారు గ్రామఫోను ప్లేట్లు యిష్టం వచ్చినంతసేపు వేయడానికి వీలుండేది కాదు. ప్లేట్లే రోజంతా మోగితే వాద్యగాళ్లకు కూడు పుట్టదని వాద్యకారుల సంఘం పట్టుబట్టింది, ప్లేట్ల కంపెనీలు కూడా అడ్డుపడ్డాయి. అందుచేత రోజుకింత సేపే ప్లేటు మీద ముల్లు పెట్టాలని ఒప్పందం కుదిరింది. ‘ముల్లు వేళ’ అన్న అర్థం వచ్చే పేరే దానికి పెట్టుకున్నారు. 1980 లలో చాలా భాగం దాకా ఆ కట్టుబాటు నడిచింది. మరి తక్కిన గంటలు నిండేదెట్లా? పాడేవారిని స్టూడియోకు పిలిచి, ఒక్క రోజులో నాలుగు పాటలు పాడించి, టేపు మీద పట్టి ప్రసారం చేసేవారు. దానికే సెషన్ అని పేరు. జాన్ పీల్ అనే ఆయన 1967 నుంచి 2004లో చనిపోయేదాకా బీబీసీ ఒకటవ రేడియోలో రాత్రివేళ కార్యక్రమం నడిపి, పేరు లేని బృందాలను వందల సంఖ్యలో పిలిచి యిట్లా పాడించాడు. ఆయనకు నచ్చడమే వారికి యోగ్యతాపత్రం.

న్యూ ఆర్డర్ వారు ఆయన కార్యక్రమానికి 1981లో ఒకసారి, 1982లో ఒకసారి పాడారు. 1982 నాటి నాలుగు పాటలను 1986లో ప్లేటుగా వేశారు. రేడియో సెషన్లను ప్లేట్లుగా వేయడానికే ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ అనే చిన్న సంస్థ పుట్టింది. దాని మొదటి ప్లేటు యిదే. 1990లో రెండు సెషన్లూ కలిపి మళ్లీ వేశారు. ఆ నాలుగింటిలో రెండు పాటలు బృందం వారి మామూలు ఆల్బములలో ఎక్కడా లేవు. తక్కిన రెండూ మరుసటి సంవత్సరం వేరే రూపంలో ఆల్బముకెక్కాయి. అంటే ఆనాడు రేడియోవారు పిలిచి వుండకపోతే ఆల్బములలో లేని ఆ రెండూ మనకు మిగిలేవి కావు, తక్కిన రెండింటి పసితనం కూడా తెలిసేది కాదు. మనుమడు డబ్బు పెట్టింది అందుకు. మేమైతే అంత డబ్బు పెట్టము గాని, పెట్టినవాణ్ణి తప్పు పట్టము.

బీబీసీ వారు అన్నిటినీ పదిలంగా దాచారనుకునేరు! అబ్బే, అక్కడా టేపు దండగనుకొని చెరిపేసిన సెషన్లకు లెక్క లేదు. జగత్ప్రసిద్ధులైన బీటిల్స్ వారు 1962 నుంచి 1965 దాకా బీబీసీలో పాడినవి చాలా వున్నాయి. 1994లో వాటిని ఆల్బముగా తెద్దామని చూస్తే అసలు టేపులు అన్నీ దొరకలేదు. ఆ రోజుల్లో యిళ్లలో రేడియో ముందు టేపురికార్డరు పెట్టి పట్టుకున్న శ్రోతల దగ్గర నుంచి కొన్ని సంపాదించవలసి వచ్చింది. 2013లో వాటిని శుభ్రం చేసి మళ్లీ వేశారు, ప్లేటుగా కూడా. అంత పెద్ద సంస్థ పారేసినదాన్ని వంటింటి పక్కన కూర్చున్న శ్రోత కాపాడాడు! ఈ ముక్క చదువరులు గుర్తుంచుకోవాలి, మళ్లీ దీని దగ్గరికే వస్తాము.

ఇక మన వైపు. ఇక్కడ గ్రామఫోను ప్లేట్లకు ముల్లు వేళ లేదు గాని, దానికి అన్నలాంటి కట్టుబాటొకటి వచ్చింది. 1952లో కేంద్ర ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ గారికి సినిమా పాట అంటే గిట్టదు. ఆకాశవాణిలో సినిమా పాటలకు ఆయన కత్తెర వేశారు. నిర్మాతలతో తగాదా ముదిరి అవి దాదాపుగా నిలిచిపోయాయి. జనం వూరుకుంటారా? ముల్లు తిప్పి సిలోను పెట్టుకున్నారు. మన తెలుగు పాటలకు అక్కడ మీనాక్షీ పొన్నుదురై గారి గొంతు వుండనే వున్నది. 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి పెట్టి ఆకాశవాణి వారు రాజీకొచ్చారు.

కాని ఆ మధ్యకాలంలో ఒక మేలు జరిగింది. సినిమా పాట లేనిచోట ఏదో ఒక పాట వుండాలి గదా! లలిత సంగీతమని ఒక శాఖ పెట్టి, కవుల చేత వ్రాయించి, నిలయంలోనే బాణీ కట్టించి, నిలయంలోనే పాడించారు. ఇంగ్లండులో వాద్యకారుల పట్టుదల చేసిన పని, యిక్కడ మంత్రిగారి అయిష్టత చేసింది. కేస్కర్ గారిని తిట్టేవారు యీ ఒక్కదానికి మాత్రం ఆయనకు మార్కులు వేయాలని మా వుద్దేశం.

తెలుగులో ఆ నేల అంతకు ముందే దున్ని వుంది. మద్రాసు నిలయం 1938 జూన్ 16న మొదలయింది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు అక్కడ చేరి, తామే వ్రాసి, తామే బాణీ కట్టి, పాట అనేది రేడియోకు సొంత వస్తువని చూపించారు. 1947 ఆగస్టు 15న ఆయన కట్టిన ‘మాదీ స్వతంత్ర దేశం’ టంగుటూరి సూర్యకుమారి గారి గొంతులో మద్రాసు నుంచి వినిపించింది. 1948 డిసెంబరు 1న విజయవాడ నిలయం వచ్చింది. అక్కడ మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు, శ్రీరంగం గోపాలరత్నం గారు పాడిన పాటలతో, భక్తిరంజనితో, తెలుగునాట తెల్లవారేది. హైదరాబాదులో పాలగుమ్మి విశ్వనాథం గారి ‘అమ్మ దొంగా’ వేదవతీ ప్రభాకర్ గారి గొంతులో వింటే ఆడపిల్లలున్న యిళ్లలో కళ్లు చెమర్చేవి. రేడియోలో లలిత గీతాలకు మొదటి నుంచీ గొంతునిచ్చిన రావు బాలసరస్వతీదేవి గారు 2025 అక్టోబరులో వెళ్లిపోయారు. రజనిగారు 2018లోనే వెళ్లారు. ఆ తరం గొంతులు యిక టేపుల మీద మిగలవలసినదే.

మిగిలాయా అంటే, కొన్ని మిగిలాయి. మొదట్లో అంతా అప్పటికప్పుడు మైకు ముందు పాడటమే, పాడితే గాలికి. తర్వాత టేపు వచ్చింది గాని విదేశాల నుంచి రావాలి, ఖరీదు. ఒక పాట ప్రసారమయ్యాక చెరిపి, అదే టేపు మీద వ్యవసాయదారుల కార్యక్రమమో మరొకటో పట్టేవారు. ఎరువుల సంగతి చెప్పడం తప్పని మేము అనము. గాని ఆ ఎరువు కింద ఏ గొంతు పూడిపోయిందో! 2003 నుంచి ఆకాశవాణి వారు తమ భాండాగారంలోవి కొన్ని ఆల్బములుగా అమ్మకానికి పెట్టారు. సంతోషమే. పెద్ద విద్వాంసుల కచ్చేరీలకు అందులో చోటు దొరికినంతగా మన లలిత గీతాలకు దొరకలేదు.

ఇంకొక లోటున్నది, అది మమ్మల్ని ఎక్కువగా బాధిస్తుంది. ఆ న్యూ ఆర్డర్ వారి ప్లేటుకు పేరేమిటో తెలుసునా? సెషన్ తేదీయే దాని పేరు: 1982 జూన్ 1. ఎప్పుడు పాడారన్నది పేరులోనే వున్నది. మన రేడియో పాటలు యీనాడు ఫోనులో దొరుకుతున్నాయి, ఎవరో పుణ్యాత్ములు ఎక్కిస్తున్నారు. పాడినవారి పేరుంటే వ్రాసినవారి పేరుండదు. ఇద్దరి పేర్లూ వుంటే సంవత్సరం వుండదు. వీణ ఎవరు, వేణువు ఎవరు, తబలా ఎవరు అన్నది అసలే వుండదు. రేడియోలోనే "వాద్య సహకారం, నిలయ విద్వాంసులు" అని ఒక్క ముక్కలో తేల్చేవారు. ఆ నిలయ విద్వాంసులు నెలజీతానికి ముప్పయ్యేళ్లు అదే గదిలో కూర్చుని, పొద్దున్న భక్తిరంజనికి, మధ్యాహ్నం పిల్లల పాటకు, సాయంత్రం నాటకంలో ఉరుముకు కూడా వాయించినవారు. హాజరుపట్టీలో సంతకం తప్ప వారి పేరు వేరెక్కడా మిగలలేదు. గుమాస్తా పని చేసేవారికి యీ సంగతి ఇంకొకరు చెప్పనక్కర లేదు.

మన కోలారు సీమ మాట. మైసూరులో ఎం.వి. గోపాలస్వామి గారు తమ యింట్లో 1935లో రేడియో నిలయం పెట్టారు. దేశమంతా యీనాడు పలికే ఆకాశవాణి అన్న పేరు అక్కడిదే. 2023 నుంచి యింగ్లీషులో కూడా ఆ పేరే వాడాలన్నారు. ఆ నిలయం 1955లో బెంగుళూరుకు వచ్చింది. మన గనులకు శివసముద్రం కరెంటు 1902లోనే వచ్చింది గనుక, రేడియో పుట్టేనాటికే యిక్కడ తీగెలు సిద్ధంగా వున్నాయి. బెంగుళూరు కన్నడం చెప్పేది, మద్రాసు ఎక్కువగా అరవం చెప్పేది. తెలుగు కావాలంటే చీకటి పడ్డాక ముల్లు మెల్లగా తిప్పి విజయవాడను వెతుక్కోవాలి. వచ్చేది, పోయేది. 1963లో కడప నిలయం వచ్చాక మనవారికి ప్రాణం లేచివచ్చింది. గనిలో రాత్రి పాళీకి పోయేవాడు అన్నం తింటూ వినేది, పొద్దుటి పాళీ దిగివచ్చినవాడు పడుకొని వినేది ఒకే సెట్టు. లైన్లలో ఒక యింట మోగితే నాలుగిళ్లు వినేవి.

అయితే యిక్కడివారు విన్నదే గాని, యిక్కడివారిని విన్నవారు తక్కువ. కైవారం తాతయ్యగారినే తీసుకోండి. యోగి నారేయణ యతీంద్రులు 1726లో పుట్టి నూటపదేళ్లు జీవించారని మనవారి నమ్మకం. గాజుల మలారం మోసుకొని వూరూరా తిరిగిన మనిషి, అమరనారేయణుని పేర తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పారు. ఆ కైవారం 2007 దాకా మన కోలారు జిల్లాయే, తర్వాత చిక్కబళ్లాపురంలోకి పోయింది. తాతయ్యగారి కీర్తనలు పుస్తకాలలో వున్నాయి, విద్వాంసులు పాడినవీ వున్నాయి. మేమనేది భజన గుడిలో పాడే తీరు. చింతామణి వైపు ఒక వరస, ముళబాగలు వైపు ఒక వరస, ఒకే కీర్తనకు మూడు నడకలు విన్నాము. దానికి నిలయం లేదు, నిలయ విద్వాంసులు లేరు. ఉన్నదల్లా యిళ్లలో కేసెట్లు.

మా మేనత్త పాడినదొకటి మా యింట్లో వున్నది. 1986లో, సంక్రాంతికి, ఆమె వరండాలో కూర్చొని తాతయ్యగారి కీర్తనలు ఆరు పాడింది. మా చిన్నాన్న పట్టాడు. ఆమెకు శ్రుతి ఒక పిసరు తక్కువ, ఊపిరి మాత్రం ఎక్కువ. నాలుగో కీర్తన మధ్యలో పక్క యింటి రేడియోలో కడప అనౌన్సరు సమయం చెప్పడం వినిపిస్తుంది. ఆమె ఆగి, "వాడి వార్తలు కానీరా" అని, వార్తలు అయ్యేదాకా ఊరకుండి, మళ్లీ పల్లవి ఎత్తుకుంటుంది. ఆ ఊరకున్న నిమిషాలు కూడా టేపు మీద వున్నాయి: కోడి, కుళాయి, ఎవరో పిల్లవాడి దగ్గు. ఆ మధ్య బెంగుళూరులో ఒక అంగట్లో దీన్ని కంప్యూటరుకు ఎక్కించమని ఇస్తే, ఆ ఖాళీ అంతా కోసేసి, రెండో వైపు అసలు ఎక్కించకుండా, డబ్బు మాత్రం రెండు వైపులకూ తీసుకున్నారు. అసలు కేసెట్టు మాకు తిరిగి వచ్చింది గనుక సరిపోయింది. తర్వాత మేమే ఆఫీసు నుంచి వచ్చాక రాత్రి కూర్చొని, ఉన్నదున్నట్టు, దగ్గుతో సహా ఎక్కించుకున్నాము.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక మన కుటుంబాలు ఎన్ని యిల్లు మార్చాయో మీకు తెలుసు. మారికుప్పం నుంచి పొద్దున్నే బెంగుళూరు బండి ఎక్కి రాత్రికి వచ్చేవారు కొందరు, అక్కడే వుండిపోయినవారు కొందరు. యిల్లు మారేటప్పుడు మొదట పాతసామాను అంగడికి పోయేది ఏమిటి? టేపురికార్డరు, దానితోపాటు అట్టపెట్టెడు కేసెట్లు. "అందులో ఏముందే?" అంటే "ఏవో పాత పాటలండీ" అంటారు. పాత సినిమా పాటలైతే పోనీయండి, అవి వెయ్యి చోట్ల వున్నాయి. వాటి మధ్య ఒకటి రెండు కేసెట్ల మీద చేతివ్రాత వుంటుంది. అవి వేరెక్కడా లేవు.

టేపుకు ఆయుష్షు తక్కువ. అది ప్లాస్టికు పట్టీ మీద జిగురుతో అంటించిన ఇనుప తుప్పు. మన ఎండకు, వాన చెమ్మకు ఆ జిగురు చెడుతుంది, పొడి రాలుతుంది, మొదట పలుకులోని సకారాలు పోతాయి, తర్వాత మాటే పోతుంది. ప్లేటు యీ విషయంలో మొండిది. మన పాత డెబ్బయ్యెనిమిది చుట్ల ప్లేటులో లక్క వుంటుంది, ప్రపంచమంతటికీ ఆ లక్క చాలామటుకు మన దేశపు అడవుల నుంచే పోయేది. కలకత్తాలో 1908 నుంచే ప్లేట్లు అచ్చయ్యేవి. కింద పడితే అంతేగాని, పడకపోతే నూరేళ్లయినా మోగుతుంది. ప్లేటులోనే శబ్దం బాగుంటుందని వాదించే కుర్రవాళ్లు వున్నారు. ఆ వాదం మాకు పట్టదు, మా చెవులకు అంత తేడా తెలియదు. అది చేత పట్టుకోవడానికి వుంటుంది, తేదీ వుంటుంది, పేర్లు వుంటాయి, ఎవరూ ఒక్క వేలితో చెరిపేయలేరు. ఆ గుణాలు మాత్రం మెచ్చుకోదగినవి.

మనం ప్లేటు అచ్చు వేయించబోము, అంత డబ్బు సంఘం ఖాతాలో లేదు. కేసెట్టును కంప్యూటరుకు ఎక్కించడానికి మాత్రం ఒక నడిచే టేపురికార్డరు, ఒక తీగె, ఒక సాయంత్రం చాలు. సంఘంలో అడిగితే టేపురికార్డరు వుందన్నారు, రబ్బరు బెల్టు మార్పించాలట.

చేసేవారి కోసం కొన్ని మాటలు. కేసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టికు పలుకులుంటాయి, ముందు వాటిని విరిచేయండి, ఇక ఎవరూ పొరపాటున దాని మీద మరొకటి పట్టలేరు. ఏళ్ల తరబడి కదలని టేపును వెంటనే మోగించకుండా, ఒకసారి ఆ చివరికీ యీ చివరికీ మెల్లగా తిప్పండి. టేపురికార్డరు హెడ్డును దూదితో స్పిరిట్టు అద్ది తుడవండి. అదే స్పిరిట్టు లక్క ప్లేటుకు మాత్రం తగలనీయకండి, లక్క అందులో కరిగిపోతుంది. దానికి కొంచెం తడిపిన మెత్తని గుడ్డ చాలు. ఎక్కించేటప్పుడు మధ్యలో మాటలు, దగ్గులు కోయకండి. మొదట్లో మీ గొంతుతోనే చెప్పండి: పాడినది ఎవరు, ఏ వూరు, ఏ సంవత్సరం, డోలకు ఎవరు, తాళం ఎవరు. పాడినవారు వుంటే వారి చేతనే చెప్పించండి. ఒక కాపీ యింట్లో, ఒక కాపీ వేరే వూళ్లో వున్న పిల్లల దగ్గర పెట్టండి.

ఆండర్సన్‌పేట పెద్దాయన దగ్గర కూడా ఒక అట్టపెట్టె వున్నదట, ఆ మాట వారు ఉత్తరం చివర చిన్న అక్షరాలలో వ్రాశారు. వారి భార్యగారు మంగళహారతులు పాడినవి అందులో వున్నాయట. మనుమడు ప్లేటు వేసుకునేందుకు యంత్రం కొన్నాడు గదా, స్పీకర్లు అతని దగ్గరే వున్నాయి. వచ్చే ఆదివారం అతను వూరికి వచ్చినప్పుడు ఆ పెట్టె దింపమనండి.